సెకనుకి పన్నెండు ఫొటోలు

మా నాన్న ఎలాంటి మనిషో మా నాన్నకి చెప్పింది మేం కాదు. ఆ వానాకాలం, తడవకుండా తలదాచుకుందామని సినిమా హాల్లోకి వచ్చిన జనం చెప్పారు. అదీ నోటితో కాదు, పెన్సిలుతో.

అప్పటికి నాలుగేళ్ళుగా నాన్నా అక్కా మాట్లాడుకోవడం లేదు. దాన్ని పోట్లాట అని కూడా అనలేం. అక్క బ్యాంకు ఉద్యోగం మానేసి, మేడమీద గది కిటికీలకి నల్లగుడ్డలు కట్టి, బొమ్మలతో సినిమా తీస్తానన్న రోజున నాన్న "సరే, దాని ఇష్టం" అన్నాడు. "నీ ఇష్టం" అనలేదు. ఆ పూట నుంచీ అక్క మా ఇంట్లో 'అది' అయిపోయింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోంచేసేవాళ్ళు. మధ్య కుర్చీ నాది.

"చిన్నదానా, మెట్లమీద లైటు ఆర్పలేదని దానికి చెప్పు" అనేవాడు నాన్న.

అక్క మూరెడు దూరంలో కూర్చుని, "ఆర్పానని చెప్పవే" అనేది.

ఇటు తిరిగి, అటు తిరిగి, నా మెడ టేబుల్ ఫ్యానులా తయారైంది.

నాన్న ముప్పై నాలుగేళ్ళు సిటీబస్సు నడిపి రిటైరయ్యాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. రిటైరయ్యాక పని లేక కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డుమీద ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తోందో చూసి, ఆ డ్రైవర్లని ఇక్కణ్ణించే తిట్టేవాడు. ఆ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మేడమెట్లు ఎక్కలేదు.

మేం మాత్రం ఎక్కాం. అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కటింగు సెక్షన్లో పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, బొటనవేలంత చొక్కాలకి ఆవగింజంత గుండీలు కుట్టేది. నేను కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళ నవ్వులు నా చేతిలోంచి వెళ్ళినవే. బొమ్మలకి నోళ్ళు నేను చేశాను. ఒక్కో బొమ్మకి ఇరవై దాకా నోళ్ళు: 'అ' అనే నోరు, 'ఓ' అనే నోరు, ఆవలించే నోరు, అరిచే నోరు. అక్క ఆ నోరు తీసి ఈ నోరు పెట్టి, బొమ్మ చెయ్యి వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో తీసేది. మళ్ళీ జరిపి ఇంకొకటి. అలా పన్నెండు ఫొటోలు తీస్తే తెరమీద ఒక్క సెకను. నాలుగేళ్ళు కష్టపడితే గంటా పదినిమిషాల సినిమా అయింది. పేరు 'లోపలెవరున్నారు'.

కథ చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. ఒక ఇల్లు, ఐదుగురు మనుషులు, ఒక్కటే బాత్రూము. ఇంటి తండ్రి బస్సు డ్రైవరు. పొద్దున్నే పేపరు పట్టుకుని బాత్రూములోకి దూరితే బయట క్యూ. ఆయన కూతురిమీద అలిగి, ఏం చెప్పాలన్నా పంజరంలోని చిలకతో చెప్తాడు. చిలక సగం మాటలు కూతురికి తప్పుగా అప్పజెప్తుంది. "గొడుగు తీసుకెళ్ళమను" అని ఆయనంటే, "గాడిదని తీసుకెళ్ళమన్నాడు" అంటుంది. చివరికి కూతురికి వేరే ఊళ్ళో పని దొరుకుతుంది. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, తండ్రి పేపరు దించకుండానే "జాగ్రత్తగా వెళ్ళమను" అని చిలకతో అంటాడు. తలుపు మూసుకుంటుంది. సినిమా అయిపోతుంది.

ఆ తండ్రి ఎవరో నాన్నకి తప్ప మా ముగ్గురికీ తెలుసు. చెప్పే ధైర్యం మాత్రం ముగ్గురికీ లేదు.

మా పేటలో ఉన్నది ఒక్కటే హాలు. దాన్ని నడిపే ఆవిడని అందరూ మేనేజరమ్మ అంటారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆవిడ మా అక్క తీసిన సినిమా చూసి, చివర్లో ఒక్కసారి ముక్కు చీదుకుని, వెంటనే గొంతు సవరించుకుంది.

"బొమ్మల సినిమాకి జనం వస్తారో రారో నాకు తెలీదమ్మా. వారం ఇస్తాను. మధ్యాహ్నం ఆట. బయటికొచ్చే ప్రతివాళ్ళకీ ఒక కార్డు, ఒక పెన్సిలు ఇవ్వండి. ఏమనిపించిందో రాస్తారు. బాగుందన్నవాళ్ళు సగం దాటితే రెండో వారం."

"దాటకపోతే?" అంది అక్క.

"దాటకపోతే నువ్వూ నేనూ టీ తాగి విడిపోదాం."

కార్డులు తీసుకోవడానికి తలుపు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. అక్కేమో భయంతో చెమటలు కక్కుతోంది. నాకూ అమ్మకీ పగలంతా పని. శుక్రవారం పొద్దున్నే అమ్మ ఇస్త్రీ చొక్కా తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టింది.

"ఏవండీ, పోయే బస్సుల్ని తిట్టే బదులు, వచ్చే జనం దగ్గర నాలుగు కార్డులు పుచ్చుకోకూడదూ?"

నాన్న చొక్కా వంక చూశాడు. "తలుపు దగ్గరుంటాను. లోపల కూర్చోను. దానికి చెప్పు."

"చెప్పాను" అన్నాను. అక్క నా పక్కనే ఉంది.

మొదటిరోజు పదకొండుమంది వచ్చారు. వాళ్ళలో ముగ్గురు వానకి తట్టుకోలేక వచ్చామని కార్డుమీదే రాశారు. నేను పని ముగించుకుని వెళ్ళేసరికి నాన్న హాలు వరండాలో బెంచీమీద కూర్చుని, కార్డులు మోకాళ్ళమీద పేర్చుకుని, పైకి చదువుతున్నాడు. మేనేజరమ్మ వింటోంది. అక్క స్తంభం వెనక నిలబడి గోళ్ళు కొరుకుతోంది.

"'గంట తెలీకుండా గడిచింది. చిలకకి నా ముద్దులు.' ఇదొకటి. 'బొమ్మల చొక్కాలు ఎవరు కుట్టారు? మా ఆయన కొలతలు ఇస్తాను.' ఇదొకటి. 'నిద్రపోయాను. సీటు బాగుంది.' హు! 'తండ్రి పాత్ర అతిగా ఉంది. ఇంత మొండివాళ్ళు ఎక్కడా ఉండరు.'"

నాన్న ఆ కార్డు పక్కన పెట్టి, నావైపు తిరిగాడు. "ఎవడే ఆ తండ్రి? సగం కార్డుల్లో వాణ్ణే తిడుతున్నారు."

"సినిమాలో ఒకాయన" అన్నాను.

"ఇలాంటివాణ్ణి ఎక్కడ చూసిందిట అది?"

అక్క స్తంభం వెనక ఇంకాస్త ఒదిగింది. మేనేజరమ్మకి హఠాత్తుగా దగ్గు వచ్చింది.

రెండోరోజు పేపర్లో నాలుగు వాక్యాలు పడ్డాయి. బొమ్మలు కుదుపుగా కదులుతున్నాయని, మొహాలమీద వేలిముద్రలు కనిపిస్తున్నాయని, కంప్యూటర్లున్న రోజుల్లో ఈ అవస్థ ఎందుకని ఆ రాసినాయన అడిగాడు. అక్క ఆ పూట భోజనానికి దిగలేదు. నాన్న ఆ పేపరు చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు.

"చేత్తో చేస్తే వేలిముద్రలుండవా మరి? కాలిముద్రలుంటాయా?" అన్నాడు. అది ఎవరితో చెప్పమనలేదు. పేపరుతోనే అన్నాడు. అయినా నేను మేడెక్కి అక్కతో చెప్పాను. అక్క నమ్మలేదు.

"నిజంగా అన్నాడా?"

"అక్షరం పొల్లు పోకుండా చెప్తున్నాను. ఈసారి గాడిద లేదు."

కార్డులు పెరుగుతున్నాయిగానీ తేలడం లేదు. నవ్వించిందని అందరూ రాస్తున్నారు, చివర్లో అందరూ ఆగిపోతున్నారు. 'ఇంతసేపు నవ్వించి తలుపు మొహాన వేశారు.' 'మా అమ్మాయి పక్కన కూర్చుని చూశాను. ఇంటికెళ్ళేదాకా మాట్లాడుకోలేదు.' 'ఆ నాన్న పేపరు చింపేయాలనిపించింది.' ఆదివారానికి బాగున్నవీ బాగోలేనివీ సరిసమానం.

"చివర మార్చమ్మా" అంది మేనేజరమ్మ అక్కతో. "ఆ మనిషిచేత ఒక్క మాట అనిపించు. జనం నీకు హారతి పడతారు."

"జరగనిది నేను తీయను" అంది అక్క. "నాకు తెలిసినంతలో ఆయన అనడు. అనిపిస్తే అబద్ధం."

నాన్న పది అడుగుల దూరంలో ఒకావిడకి గొడుగు వెతికిపెడుతున్నాడు. విన్నాడో లేదో తెలీదు.

ఆ సాయంత్రమే నాన్న జేబులోంచి ఒక కార్డు తీసి నాకిచ్చాడు. మిగతావాటితో కలపకుండా విడిగా పెట్టుకున్నాడు. ఏడెనిమిదేళ్ళ పిల్ల రాసినట్టుంది. అక్షరాలు ఏటవాలుగా కిందికి జారిపోతున్నాయి. 'ఆ నాన్నకి చిలక భాష ఒక్కటే వచ్చా? అమ్మాయి భాష రాదా?'

"ఏంటి దీనర్థం?" అన్నాడు నాన్న.

"సినిమా చూస్తే తెలుస్తుంది."

"నువ్వు చెప్పరాదూ?"

ఎప్పుడూ ఏదో ఒకటి మోసుకెళ్ళే నోరు నాది. ఆ ఒక్కసారీ మోయబుద్ధి కాలేదు. "నేను చెప్పను నాన్నా. వెళ్ళి చూడు" అన్నాను.

సోమవారం ఆటకి అమ్మ ఫ్యాక్టరీలో సెలవు పెట్టి తలుపు దగ్గర నిలబడింది. నాన్న లోపలికి వెళ్ళాడు. నేనూ ల్యాబులో పంటినొప్పి అని చెప్పి వచ్చి, నాన్నకి రెండు వరసల వెనక కూర్చున్నాను. పళ్ళ సెట్ల ల్యాబులో ఆ సాకు ఎవరూ కాదనరు.

సినిమాలో తండ్రి పేపరు చంకలో పెట్టుకుని బాత్రూములోకి వెళ్ళగానే హాలు నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. భుజాలు ఊగడం చూశాను. చిలక మొదటిసారి నోరు విప్పినప్పుడు ఆ భుజాలు ఆగాయి. కిటికీ దగ్గర కూర్చుని బొమ్మ తండ్రి పోయే బస్సుని తిట్టినప్పుడు, నాన్న మెల్లిగా తల వంచి తన చొక్కా చూసుకున్నాడు. తెరమీద ఉన్నదీ నీలిగీతల చొక్కానే. నాన్న పాత చొక్కా అంచు కత్తిరించి అమ్మ కుట్టింది.

ఆ తర్వాత ఆయన కదల్లేదు. లైట్లు వెలిగాక కూడా కాసేపు కూర్చుని, లేచి బయటికొచ్చి, అమ్మ చేతిలోంచి పెన్సిళ్ళ డబ్బా తీసుకుని, "నువ్వెళ్ళు, నేను చూసుకుంటాను" అన్నాడు. అందరి దగ్గరా కార్డులు తీసుకున్నాడు. ఆ రోజు ఒక్కటీ పైకి చదవలేదు.

మంగళవారం పొద్దున్న నేనూ అక్కా మేడమీద ఉన్నాం. నేను విరిగిన బొమ్మ వేలు అతికిస్తున్నాను. మెట్లమీద బరువైన అడుగులు వినిపించాయి. ఆగి ఆగి వస్తున్నాయి. నాన్న గుమ్మంలో నిలబడి గది అంతా చూశాడు. బల్లమీద ఆ ఇల్లు, అగ్గిపెట్టెంత బాత్రూము, పంజరం, కుర్చీలో కూర్చున్న తండ్రి.

"ఆ చివరి ముక్క మళ్ళీ తీయాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

నేను అలవాటుకొద్దీ అక్కవైపు తిరిగి నోరు తెరిచాను. అక్క నావైపు చూడటం లేదు. నాన్న కూడా చూడటం లేదు. నోరు మూసుకుని వేలు అతికించుకున్నాను.

"నలభై సెకన్లు. నాలుగువందల ఎనభై ఫొటోలు" అంది అక్క, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "రాత్రీపగలూ చేసినా నాలుగు రోజులు. కానీ నేను జరగనిది..."

"విన్నాను. మరి ఇప్పుడు జరుగుతోందిగా" అన్నాడు నాన్న.

అక్క చాలాసేపు కెమెరా మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసింది. తర్వాత ఒక స్టూలు లాగి నాన్నకి వేసింది.

"కూర్చో. బల్ల కదపకు" అంది.

బస్సు నడిపిన మనిషి మొత్తం సినిమా తనే నడుపుతానంటాడేమోనని భయపడ్డాను. అలాంటిదేం జరగలేదు. "మా డిపోలో అయితే ప్రయాణికుడు ఫిర్యాదు రాస్తే మూడు రోజుల్లో జవాబివ్వాలి" అని ఒక్కసారి అని, ఊరుకున్నాడు. ఆ తండ్రి ఏం అనాలి అన్నదగ్గర మాత్రం ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. అక్క పెద్ద మాటలు రాసింది. నాన్న ఒక్కొక్కటే కొట్టేయించాడు.

"అన్నిమాటలు వాడికి రావు. పేపరు దించుతాడు. చిలకవైపు తిరిగిన తల అమ్మాయివైపు తిప్పుతాడు. 'జాగ్రత్తమ్మా' అంటాడు. అంతకంటే వాడివల్ల కాదు."

"చాలదేమో నాన్నా."

"వాడికది కొండ."

అక్క సరేనంది. అప్పుడు చిక్కంతా నాకొచ్చింది. ఆ బొమ్మ తండ్రికి పంతొమ్మిది నోళ్ళు చేశాను. కసిరేవి, గురకపెట్టేవి, అరిచేవి. 'జాగ్రత్తమ్మా' అని మెల్లిగా అనే నోరు ఒక్కటీ లేదు. మైనం ముద్దా చాకూ పట్టుకుని నాన్న ఎదురుగా కూర్చున్నాను.

"ఏదీ నాన్నా, ఆ మాట అను. పెదాలెలా కదుల్తాయో చూస్తాను."

"ఎవరితో అనను?"

"అక్కతో అను. నేను చూస్తాను."

నాన్న అక్కవైపు తిరిగాడు. "జాగ్రత్తమ్మా" అన్నాడు.

నేను నోరు చూడాల్సింది పోయి అక్క మొహం చూశాను. "సరిగ్గా కనపళ్ళేదు, మళ్ళీ అను" అన్నాను. మళ్ళీ అన్నాడు. ఈసారి అమ్మ చేతిలో సూదితో మెట్లమీదికి వచ్చి నిలబడితే అటు చూశాను. మూడుసార్లు అనిపించాను. మూడోసారి మాత్రం నిజంగా నోరు చూశాను. కిందిపెదవి ఎడంవైపు కాస్త ముందు కదులుతుంది. అది నాకు ఇరవై ఏడేళ్ళలో తెలీలేదు.

తల తిప్పే పని నాన్నచేత చేయించింది అక్క. తనే అడిగింది. "గేరు మార్చినట్టు కాదు, క్లచ్ వదిలినట్టు వదలాలి" అని నాన్నకి అర్థమయ్యే భాషలో చెప్పింది. నాన్న ఊపిరి బిగబట్టి, రెండు వేళ్ళతో ఆ చిన్న తలని వెంట్రుకవాసి తిప్పేవాడు. చెయ్యి తీసేవాడు. అక్క ఫొటో తీసేది. మళ్ళీ తిప్పేవాడు. ఒక పూటంతా గడిచాక తల సగం తిరిగింది. బయట వాన. నాన్న చొక్కా వీపు తడిసింది వానకి కాదు, చెమటకి. మధ్యలో ఒకసారి ఆయన మోచెయ్యి తగిలి పంజరం పడిపోయింది. అరవై ఫొటోలు వృథా.

"చెప్పానా, మోచెయ్యి చూసుకోమని!" అని కేకేసింది అక్క.

"చూసుకునే పెట్టాను! నీ బల్లే వంకర!" అని అంతకంటే గట్టిగా అరిచాడు నాన్న.

కింద వంటగదిలో అమ్మ నాతో, "విన్నావా, ఎంత చక్కగా తిట్టుకుంటున్నారో" అంది. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

'జాగ్రత్తమ్మా' గొంతు మా ల్యాబు యజమానిది. మొదటినుంచీ సినిమాలో తండ్రి గొంతు ఆయనదే. మేనేజరమ్మ మాట ప్రకారం కార్డులు సగం దాటలేదు, కచ్చితంగా సగం దగ్గర ఆగాయి. "సగానికి రూలు పెట్టుకోలేదుగా" అని తనే ఇంకో వారం ఇచ్చింది. శనివారం ఆటకి కొత్త చివరతో సినిమా వేశారు.

ఆ రోజు నూటనలభైమంది వచ్చారు. మొదటివారం వచ్చినవాళ్ళు కొందరు, మారిందట అని విని, మళ్ళీ వచ్చారు. అక్క నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దింపింది. గాడిద దగ్గర హాలు పడీపడీ నవ్వింది. చివర్లో గుమ్మంలో కూతురు, చేతిలో పెట్టె. తండ్రి మొహానికి అడ్డంగా పేపరు. ఎవరో "ఇప్పుడు చిలకతో చెప్తాడు చూడు" అని పక్కవాళ్ళకి వినిపించేలా అన్నారు. పేపరు దిగింది. తల కదిలింది. కొంచెం కుదుపుగానే కదిలింది. అలా కదులుతూ కదులుతూ చిలకని దాటి, అమ్మాయి దగ్గర ఆగింది.

"జాగ్రత్తమ్మా."

పైకప్పుమీద వాన చప్పుడుని మించి చప్పట్లు మొదలయ్యాయి. ఏ మూల మొదలయ్యాయో తెలీదుగానీ, మా వరస దాటి ముందుకెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాయి. మేనేజరమ్మ లేచి నిలబడి, ముక్కు చీదుకుంది. ఈసారి గొంతు సవరించుకోలేదు.

ఆ రోజు కార్డులు డబ్బాలో పట్టక నాన్న గొడుగులో వేసుకొచ్చాడు. ఇంట్లో బల్లమీద కుమ్మరించి నలుగురం చదువుకున్నాం. 'మా నాన్నకి ఫోను చేయడానికి హాల్లోంచి ముందే బయటికొచ్చాను, చివరి పేర్లు చూడలేదు, క్షమించండి.' 'నా వయసు డెబ్భై ఒకటి. ఆ తల తిరగడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు.' 'మొదటిసారి చూసి బాగోలేదని రాసింది నేనే. కొట్టేయండి.' బాగోలేదన్నవి ఆరు. నాన్న ఆ ఆరూ అక్కముందు పెట్టి, "వీటికి జవాబు ఆలోచించు" అన్నాడు.

రెండో వారం మూడైంది, మూడు ఏడైంది. బళ్ళనుంచి పిల్లలు వరసకట్టి వచ్చారు. పక్క ఊరి హాలువాళ్ళు అడిగారు, ఆ తర్వాత ఇంకో నాలుగు ఊళ్ళవాళ్ళు. పేపరాయన మళ్ళీ వచ్చి చూసి, ఈసారి అర పేజీ రాశాడు. వేలిముద్రలు ఇప్పుడూ కనిపిస్తున్నాయని, తానే వెతుక్కుని మరీ చూశానని రాశాడు. అక్క ఆ పేజీ కత్తిరించి దాచుకోలేదు. నాన్న కత్తిరించి దాచుకున్నాడు.

ఆఖరివారం ఆఖరి ఆటకి మేనేజరమ్మ అటకమీంచి హౌస్‌ఫుల్ బోర్డు దింపించింది. ఎన్నేళ్ళ దుమ్మో, అమ్మ తడిగుడ్డ పెట్టి తుడిచింది. ఆట వదిలాక నాన్న ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్క ఇక స్తంభం వెనక దాక్కోకుండా ఆయన పక్కనే ఉంది. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ అందరికంటే వెనకగా వచ్చి ఆగింది.

"బాబూ, ఆ చివర్లో తండ్రి తల తిరిగిందే, అది తిప్పినవాళ్ళెవరు?"

నాన్న అక్కవైపు చూశాడు. అక్క గడ్డంతో 'నువ్వే చెప్పు' అని సైగ చేసింది.

"సినిమా అంతా మా పెద్దమ్మాయిదండీ. ఇదిగో, ఈవిడే. అణువణువూ తన చేత్తోనే చేసింది. ఆ ఒక్క తలా నేను తిప్పాను."

పెద్దావిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "కాస్త ముందే తిప్పాల్సింది" అంది.

నాన్న నవ్వాడు. పెన్సిలు చెక్కి, కొత్త కార్డు తీసి రెండు చేతులతో ఆవిడకిచ్చాడు.

"ఆ మాటే రాయండమ్మా. మొహమాటపడకండి."